లొట్టి మొదలు గ్లాసు దాకా

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో బీరును గురించి వ్యాసమేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. వారికి ముందుగా ఒక మనవి: ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు, తాగేవారిని తిట్టే వ్యాసమూ కాదు. మన ధర్మాబాదు పిల్లలు చదువులకని, ఉద్యోగాలకని ఇటు హైదరాబాదులోనూ అటు పుణెలోనూ వుంటున్నారు. శనివారం రాత్రి స్నేహితులతో "బ్రూవరీ"కి వెళ్ళామని ఏ దాపరికమూ లేకుండా ఫోనులో చెపుతున్నారు. ఇంటి దగ్గర తల్లికి మాత్రం సారా బట్టీ కళ్ళకు కట్టి గుండె గుభేలుమంటున్నది. ఆ బ్రూవరీ అంటే ఏమిటి, అందులో ఏం కాస్తారు, ఏం పోస్తారు అనేది తెలిస్తే మందలించడానికైనా, మిన్నకుండడానికైనా ఒక ఆధారం వుంటుంది. అంతకంటె ముఖ్యంగా, మన వూళ్ళ కల్లుకు పట్టిన గతిని గురించి ఆలోచించడానికి ఆ బ్రూవరీలు ఒక దారి చూపుతున్నవి.

మన సొంత పానీయం

ధర్మాబాదు మూడు భాషల వూరు. బజారులో బేరం తెలుగులో మొదలై, మరాఠీలోకి మళ్ళి, ఉర్దూలో తెగుతుంది. 1948 దాకా నిజాము రాజ్యంలో వుండి, 1956 నవంబరు 1న తక్కిన మరాఠ్వాడాతో పాటు బొంబాయి రాష్ట్రంలో చేరి, 1960 మే 1 నుంచి మహారాష్ట్రలో వున్నాము. సరిహద్దులు కాగితం మీద మారినవి గాని తాళ్ళు, ఈతలు ఎక్కడివక్కడే వున్నవి. మనం ఈత అన్న చెట్టును మన మరాఠీ పొరుగువారు శిందీ అంటారు. దాని కల్లుకూ అదే పేరు. నిజాము సర్కారుకు ఆబ్కారీ పెద్ద రాబడి, ఆ ఆబ్కారీలో కల్లుది పెద్ద పాలు. చెట్టుకు ఇంత అని పన్ను కట్టించుకుని, దుకాణాలను వేలం వేసేవారు.

కల్లు తీయడం చూసినవారికి అది ఎంత నేర్పుగల పనో తెలుసు. మోకు, ముస్తాదు, కత్తి, లొట్టి, ఇవే గీతకారుని పనిముట్లు. తాటికైతే గెల కొసను, ఈతకైతే మొవ్వు దగ్గర మానును వెంట్రుకవాసి మందాన చెక్కాలి. ఎక్కువ చెక్కితే చెట్టు దెబ్బతింటుంది, తక్కువ చెక్కితే ధార ఆగిపోతుంది. ఒకనాడు మానినా గాటు ఎండిపోతుంది గనుక పండుగకూ పబ్బానికీ సెలవు లేదు. కాలు జారితే ప్రాణానికే ముప్పు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో "కాటమయ్య రక్షణ కవచం" పేరిట గీతకార్మికులకు తాళ్ళు, పట్టెడలతో కూడిన సామగ్రి పంచడం మొదలుపెట్టింది. తరాల తరబడి చెట్ల మీది నుంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్నవారిని తలచుకుంటే అది ఆలస్యంగా వచ్చిన మేలే.

చెట్టు నుంచి దిగే రసంలో నూటికి పదీ పన్నెండు పాళ్ళ పంచదార వుంటుంది. అప్పుడది నీరా; తియ్యగా వుంటుంది, మత్తు లేదు. కాని గాలిలోనూ, నిన్నటి లొట్టి గోడలలోనూ ఈస్టు అనే సూక్ష్మజీవి కాచుకుని వుంటుంది. అది పంచదారను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు గాలిని విడుస్తుంది. ఆ గాలే కల్లు నురుగు. కొన్ని గంటలలో నూటికి నాలుగైదు పాళ్ళ ఆల్కహాలు తయారవుతుంది, అంటే మామూలు బీరంత. మరునాటికి పులిసి పుల్లనవుతుంది, ఇంకా వుంచితే వెనిగరు. బెల్లానికి రసం పట్టేవారు ముంతలో సున్నం పూసేది ఈ పులియబెట్టే జీవులను అడ్డుకోవడానికే.

ఇంతకూ మంచి కల్లుకు వంటవాడు లేడు, పొయ్యి లేదు. చెట్టు, చేయి, కాలం, ఈ మూడే. బీరుకు వచ్చేసరికి గింజను ఒప్పించాలి. గింజలో వున్నది పిండి; ఈస్టు పిండిని నేరుగా తినలేదు. పిండిని పంచదారగా మార్చడమే బీరు చేసేవాని మొదటి పని.

రాగిమాల్టు తెలిసిన తల్లికి బీరు తెలియనిది కాదు

పసిపిల్లలకు రాగులు నానబోసి, గుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, దోరగా వేయించి విసిరే పద్ధతి మన యిళ్ళలో వున్నదే. మొలకెత్తేటప్పుడు గింజలో పిండిని కరిగించే ద్రవ్యాలు పుడతవి. అందుకే రాగిమాల్టు మామూలు రాగిపిండి కంటె తేలికగా అరుగుతుంది. బార్లీని కూడా ఇట్లాగే నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలితో ఆరబెడతారు. దానినే మాల్టు అంటారు. మన దేశంలో బార్లీ ముఖ్యంగా రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానాలలో పండుతుంది.

మాల్టును బరకగా మరపట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీటిలో గంటసేపు వుంచుతారు. పిండి పంచదారగా మారి నీటిలోకి దిగుతుంది. అంతకంటె వేడి బాగా ఎక్కువైతే ఆ ద్రవ్యాలు చచ్చిపోతవి, తక్కువైతే పని సాగదు. తరువాత పిప్పి వడగట్టి, ఆ తియ్యని నీటిని గంటకు పైగా మరగబెట్టి, మధ్యలో హాప్ పువ్వులు వేస్తారు. ఇది తీగకు పూసే పువ్వు. వేపపువ్వు వలె చేదు, నారింజ తొక్క వలె వాసన. పానీయం చెడకుండా కాపాడుతుంది కూడా. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కొద్దిగా పండుతుంది గాని, ఎక్కువ భాగం జర్మనీ, అమెరికాల నుంచి రావలసిందే. మరిగిన దానిని చప్పున చల్లార్చి ఈస్టు కలిపి తొట్లలో పులియబెడతారు. ఏల్ జాతి బీర్లు సుమారు 20 డిగ్రీల దగ్గర కొద్ది రోజులలో పులుస్తవి. లాగర్ జాతి 10 డిగ్రీల చుట్టుపక్కల వారాల తరబడి నిదానంగా తయారవుతవి.

ఈస్టు ఫలానా పని చేస్తుందని పంతొమ్మిదవ శతాబ్దంలో పాశ్చర్ తేల్చిచెప్పాడు. బీరును గూర్చి ఆయన గ్రంథం 1876లో వెలువడింది. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒకే జాతి ఈస్టును వేరుచేసి పెంచడం సాధించాడు. ఆ తరువాతనే ప్రతిసారీ ఒకే రుచి రావడం సాధ్యమైంది. పెద్ద కర్మాగారాలకు దారి పడింది కూడా అక్కడినుంచే.

పడమటి రైలు

ధర్మాబాదు స్టేషనులో నాందేడు వైపు రైలెక్కితే పర్భణీ, జాల్నాల మీదుగా ఔరంగాబాదు చేరుతాము. 2023 నుంచి ఆ నగరం ఛత్రపతి సంభాజీనగర్. దాని శివార్లలో, వాళూజ్ మొదలైన పారిశ్రామికవాడలలో, దేశంలోని పెద్ద పెద్ద బీరు కంపెనీల కర్మాగారాలున్నవి. బీరు మన దేశానికి తెల్ల సిపాయిల వెంట వచ్చింది. 1855లో కసౌలి కొండల మీద డయ్యర్ అనే ఆయన బీరు కాయించాడు, 1915లో దక్షిణాదిన యునైటెడ్ బ్రూవరీస్ ఏర్పడింది. ఇప్పుడు దేశంలో అమ్ముడయ్యే బీరులో అధికభాగం "స్ట్రాంగ్" రకమే. నూటికి ఎనిమిది పాళ్ళ దాకా ఆల్కహాలు వుండే ఆ సీసాను రుచికోసం తాగేవారు అరుదు.

ఈ కర్మాగారాల ప్రస్తావన వస్తే మరాఠ్వాడావారికి మొదట జ్ఞాపకం వచ్చేది నీరు. 2016 వేసవిలో లాతూరుకు మిరజ్ నుంచి రైలుపెట్టెలలో తాగునీరు తెచ్చారు. ఆ ఏప్రిల్‌లోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు శాఖ మద్యం, బీరు కర్మాగారాల నీటికి కోత విధించి, మే నెలలో దానిని 60 శాతానికి పెంచమన్నది. బీరు తయారీలో లీటరు సరుకుకు ఎన్నో లీటర్ల నీరు కడుగుళ్ళకు, చల్లార్చడానికి ఖర్చవుతుంది. పెద్ద కర్మాగారాలు దీనిని మూడు నాలుగు లీటర్లకు తగ్గించుకోగలిగినవి. చిన్న బ్రూవరీలకు అంతకంటె ఎక్కువే పడుతుంది. బార్లీ పంటకు తాగించిన నీరు దీనికి అదనం. చిన్నదైనంత మాత్రాన అన్ని విధాలా మంచిదని అనుకోనవసరం లేదని చెప్పడానికే ఈ మాట.

ఇంకా పడమటికి పోతే పుణె. 2009లో అక్కడ దూలల్లీ అనే చిన్న బ్రూవరీ వెలసింది. దేశంలో ఈ తరహా తొలి ప్రయత్నాలలో అదొకటి. పేరు వెనుక కథ మన పక్కదే: నాసిక్ దగ్గరి దేవళాలి దండులో ఓడ కోసం నెలల తరబడి కాచుకుని మతి చెడిన తెల్ల సిపాయిలను తోటివారు "దూలల్లీ" అని హాస్యమాడేవారట, ఆ మాట ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కింది. తరువాతి ఏడు బెంగుళూరు ఇందిరానగర్‌లో టాయిట్ మొదలైంది. వారు బాస్మతి బియ్యం కలిపి ఒక బీరు కాచి పేరు తెచ్చుకున్నారు. ఆపైన ఈ చిన్న బ్రూవరీలు మామిడి, నేరేడు, బెల్లం, కాఫీ, ఇట్లా చుట్టుపక్కల దొరికే వాటిని పరీక్షించడం ఆనవాయితీ అయింది.

తూర్పు రైలు

రెండవ వైపు రైలెక్కితే బాసర దాటి, గోదావరి వంతెన మీదుగా నిజామాబాదు, అక్కడినుంచి సికింద్రాబాదు. తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు 2015లో నిబంధనలు చేసింది. తరువాతి రెండు మూడేళ్ళలో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి ప్రాంతాలలో ప్రాస్ట్, హాపరీ, జీరో ఫార్టీ వంటివి తెరుచుకున్నవి. ఇప్పుడు వాటి సంఖ్య బాగా పెరిగింది.

లోపలికి వెళితే చూడదగినది అద్దం గోడ. దాని వెనుక రాగి రంగులోనో వెండి రంగులోనో మెరిసే కాగులు, శంఖాకారపు అడుగు గల ఎత్తైన తొట్లు. కాచేది అక్కడే, పులియబెట్టేది అక్కడే, కొళాయి తిప్పి పోసేదీ అక్కడే. సాధారణంగా ఈ బీరును పూర్తిగా వడగట్టరు, సీసా బీరు వలె వేడిచేసి ఈస్టును చంపరు. కనుక కాస్త మబ్బుగా వుంటుంది, ఎక్కువకాలం నిలవ వుండదు. ఈ విషయంలో అది సీసా బీరు కంటె మన కల్లుకే దగ్గరి చుట్టం.

పలక మీద నాలుగైదు పేర్లు రాసి వుంటవి. తెలియనివారికి నాలుగు చిన్న గ్లాసులలో తలా కాస్త పోసి రుచి చూపే పద్ధతి వున్నది. "హెఫెవైజన్" అనేది గోధుమ కలిపిన జర్మను రకం. అరటిపండు, లవంగం వాసనలు వస్తవి. అందులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు. ఆ జాతి ఈస్టు చేసే చమత్కారం అది. వేడి దేశానికి తగినదని కాబోలు, మన నగరాలలో దీనికే గిరాకీ ఎక్కువ. "స్టౌట్" మాల్టును బాగా నల్లగా వేయించి చేసేది. చిక్కటి డికాక్షను, మాడిన బెల్లం గుర్తుకు వస్తవి. "ఇండియా పేల్ ఏల్" పేరులోనే మన దేశం వున్నది: ఇంగ్లండు నుంచి ఇక్కడికి నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో చెడిపోకుండా హాప్ దండిగా వేసి పంపిన బీరు అది. చేదు ఇష్టపడేవారికే నచ్చుతుంది. లాగర్ తేటగా, తేలికగా వుంటుంది. తప్పులు దాచుకోవడానికి అందులో చోటు లేదు గనుక కాచేవాని పనితనం దానిలోనే తెలుస్తుందని వృత్తిలోనివారి మాట.

అడిగితే కాచేవారు వచ్చి చెపుతారు: ఈ తొట్టిలోది ఏనాడు కాచినది, ఏ మాల్టు, ఎంత ఘాటు. ఈ సమాధానం దొరకడమే చిన్న బ్రూవరీలోని అసలు విశేషమని మాకు తోస్తున్నది. డబ్బులిచ్చేవాడు చేసిన మనిషిని చూస్తున్నాడు. చేసిన మనిషి తాగేవాని ముఖం చూస్తున్నాడు.

కుండలో ఏముండాలి?

జర్మనీలోని బవేరియా పాలకులు 1516లో ఒక శాసనం చేశారు. బీరులో బార్లీ, హాప్, నీరు తప్ప మరేదీ పడరాదని దాని సారాంశం. ఈస్టు సంగతి అప్పటికి తెలియదు గనుక దాని పేరు లేదు. గోధుమను రొట్టెకు మిగల్చడం, ధర అదుపులో వుంచడం దాని వెనుక వున్న ఇతర కారణాలు. ఏమైతేనేం, కుండలో ఏముండాలో చట్టం చెప్పింది.

మన కల్లుకు వచ్చిన కష్టం సరిగ్గా ఇక్కడే. పట్టణాలు పెరిగినవి, తాగేవారు పెరిగారు, చెట్లు తగ్గినవి. చెట్టు ఇచ్చేది ఇంతే. అమ్మవలసినది అంతకు పదింతలు. ఆ లోటును నీళ్ళతో, శాకరిన్‌తో, చివరకు మత్తుమందులతో పూడ్చడం మొదలైంది. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్, ఇవి వైద్యులు నిద్రకు, ఆందోళనకు తూచి యిచ్చే మందులు. గీతకారుడు చెట్టు దిగి నేరుగా పోసిన లొట్టిలో వీటికి తావు లేదు. చెట్టుకూ దుకాణానికీ మధ్య ఎవరూ చూడని ఒక చీకటి కొట్టు ఏర్పడిన తరువాతనే ఇవి చేరినవి.

దీని ఫలితం మన పొరుగునే చూశాము. 2015లో తెలంగాణలో అధికారులు కల్తీ కల్లును గట్టిగా అరికట్టగానే నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. రోజూ తెలియకుండా మింగుతున్న మందు ఒక్కసారిగా ఆగిపోవడంతో చేతులు వణికి, మతి చలించి, వింతగా ప్రవర్తించారు; ప్రాణాలు పోయినవారూ వున్నారు. వారిలో అనేకులు తాము తాగుతున్నది కల్లేనని నమ్మిన కూలి జనం, ఆడవారితో సహా. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు మళ్ళీ పలువురిని బలిగొన్నది. జూబ్లీహిల్స్ అద్దం గోడకూ ఆ దుకాణాలకూ మధ్య దూరం కొద్ది మైళ్ళే. ఒకచోట గ్లాసులో ఏమున్నదో చదువుకున్నవాడు అడిగి తెలుసుకుంటున్నాడు. ఇంకొకచోట అడగాలన్న సంగతే తెలియని కూలివాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నాడు.

దుకాణాలు మూసివేస్తే సరిపోదా అంటారు. హైదరాబాదులో 2004లో కల్లు దుకాణాలను మూశారు, 2014లో మళ్ళీ తెరిచారు. ఆంధ్ర దేశంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేవదీసిన ఉద్యమం సారాను ఆపించింది, 1995లో సంపూర్ణ నిషేధాన్ని తెచ్చింది. ఆ నిషేధం 1997లో సడలింది. ఆ తల్లుల కోపం న్యాయమైనది. సంసారాలు గుల్ల అవుతుంటే వారు ఊరుకోలేదు. కాని నిషేధం వున్నా లేకపోయినా, అమ్మేదానిలో ఏమున్నదో చూడవలసిన బాధ్యత పోదు. చెట్లు ఎన్ని, వాటి నుంచి దిగేది ఎంత, దుకాణంలో అమ్మేది ఎంత, ఈ మూడు లెక్కలు ఒక పుస్తకంలో పక్కపక్కన రాస్తే కల్తీ దానంతటదే బయటపడుతుంది. బ్రూవరీ తొట్టికి వున్న లెక్క ఈతచెట్టుకు ఎందుకు వుండరాదు?

శుభ్రంగా పట్టి, చల్లగా వుంచిన నీరాను అమ్మడం మరొక దారి. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023 మే నెలలో నీరా కేఫ్ ప్రారంభమైంది. అక్కడ పిల్లా పెద్దా కూర్చుని తాగవచ్చు. గీతకారుని వృత్తి నిలవాలంటే ఇటువంటివి జిల్లా పట్టణాలకు కూడా రావాలి.

ఇంటివారికి నాలుగు మాటలు

పిల్లలు బ్రూవరీకి వెళ్ళామంటే బెదరకండి. అట్లాగని నిశ్చింతగానూ వుండకండి. మహారాష్ట్రలో బీరుకు 21 ఏళ్ళు, ఘాటు మద్యానికి 25 ఏళ్ళు నిండాలి. తెలంగాణలో దేనికైనా 21. మహారాష్ట్రలో 1949 నాటి చట్టం ప్రకారం తాగేవానికి పర్మిట్టు కూడా వుండాలి. చేతితో చేసినదైనా, అందమైన గ్లాసులో పోసినదైనా ఆల్కహాలు ఆల్కహాలే: నూటికి అయిదు పాళ్ళ బీరు 330 మిల్లీలీటర్లలో సుమారు 13 గ్రాములు వుంటుంది. ఇంత వరకు హాని లేదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. గర్భిణులు ముట్టరాదు, తాగినవారు బండి నడపరాదు. ఏళ్ళ తరబడి కల్తీ కల్లు అలవాటైనవారిని ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం. ఆసుపత్రికి తీసుకుపోయి వైద్యుని సలహాతో మాన్పించాలి. ఈ ఒక్క సంగతి మన యిళ్ళలో పనిచేసే వారికి, పొలాలలోని కూలీలకు తెలియజేసినా కొన్ని ప్రాణాలు దక్కుతవి.

ఇక సెలవులకు ఇంటికి వచ్చే కుర్రవాళ్ళకు ఒక కోరిక. ఏ మాల్టు, ఏ హాప్, ఏనాడు కాచినది అని నగరంలో శ్రద్ధగా అడుగుతున్నారు గదా. అదే శ్రద్ధతో ఇక్కడి దుకాణంలో కూడా అడగండి. ఈ కల్లు ఏ తోటది, ఎవరు గీశారు, ఎప్పుడు దింపారు అని. సమాధానం రాకపోతే ఆబ్కారీ అధికారికి అర్జీ పెట్టండి. చదువుకున్నవారు నలుగురు కలిసి అడిగితే కొంతైనా కదలిక వుంటుంది. నికార్సయిన కల్లు దింపే గీతకారుడు ఇంకా వున్నాడు. అతని లొట్టికి దక్కవలసిన మంచిపేరు అతనికి దక్కాలి.